ఇండ్ల స్థలములు, చెరువులు: పంచాయతీల బాధ్యత

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఇండ్ల స్థలములకు గిరాకి నానాటికి పెరుగుచున్నది. కుటుంబములు వేరుపడుచున్నవి. పూరిండ్లు పోయి పక్కా ఇండ్లు వచ్చుచున్నవి. పట్టణములలో ఉద్యోగము చేయువారు స్వగ్రామమునకు చేరువగా ఒక చిన్న స్థలము కొని యుంచుకొనుచున్నారు. భోగాపురము మొదలు ఇచ్ఛాపురము వరకు 16వ నంబరు జాతీయ రహదారికి ఇరుప్రక్కల, నిన్న మొన్నటి వరకు వరియు, గోగును, వేరుశనగయు పండిన చేలలో రంగు వేసిన హద్దురాళ్ళు కనబడుచున్నవి. భోగాపురమున సుమారు 2,200 ఎకరములలో అంతర్జాతీయ విమానాశ్రయ నిర్మాణమునకు 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగినది. ఆ చుట్టుపట్ల గ్రామములలో భూమిని గూర్చిన మాటలేని పూట లేదు.

ఇండ్లు కట్టుకొనుట మంచిదే. స్థలము అమ్ముకొనుటకు రైతునకు హక్కు కలదు. దీనిని ఎవ్వరును కాదనరు. అయితే చేను స్థలముగా మారునపుడు పంచాయతీ సభ్యులు ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: ఈ నేలమీద పడిన వాననీరు ఇంతవరకు ఎటు పోవుచుండెను? ఇకమీదట ఎటు పోవును? ఈ ప్రశ్నకు సమాధానము తెలియకుండ ఇచ్చిన అనుమతి కొన్నవానికిని, అమ్మినవానికిని, ఊరికిని కీడు చేయగలదు. అది ఎట్లో మేము ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

చెరువు అనగా నేమి?

చెరువనగా నీరు నిలిచిన గుంట మాత్రమే యని పలువురు తలంతురు. నిజమునకు చెరువునకు నాలుగు అంగములు కలవు. మొదటిది, వాననీరు జారివచ్చు ఎగువ మెట్ట. రెండవది, ఆ నీటిని తెచ్చు గెడ్డ లేక వాగు. మూడవది, నీరు నిలుచు గర్భము. దానికి గట్టు, పొలమునకు నీరు విడుచు మదుము, మిగులునీరు పొర్లిపోవు అలుగు ఉండును. నాలుగవది, దిగువనున్న పల్లపు ఆయకట్టు. ఈ నాలుగింటిలో ఏ యొకటి దెబ్బతిన్నను తక్కిన మూడును నిలువజాలవు.

మన జిల్లాల స్వరూపమును బట్టి ఇది మరింత ముఖ్యము. పడమటనున్న తూర్పు కనుమల నుండి తూర్పుననున్న సముద్రము వరకు దూరము స్వల్పము. సంవత్సరమునకు సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడును గాని, అందు హెచ్చుభాగము జూన్ నుండి నవంబరు వరకుగల కొలది దినములలోనే కురియును. నాగావళి, వంశధార, చంపావతి మొదలగు నదులు ఆ నీటిని వడిగా సముద్రమునకు చేర్చును. కనుక పడిన నీటిని పడినచోట నిలుపుకొనుటకు మన పెద్దలు ఊరూర చెరువులను, బందలను, కోనేళ్ళను త్రవ్విరి. ఒక చెరువు అలుగు పొర్లిన నీరు దిగువ చెరువును చేరునట్లు గొలుసుకట్టుగా వానిని అమర్చిరి.

సప్తసంతానములలో తటాకమును చేర్చి, చెరువు త్రవ్వించుటను పుత్రుని గనుటతో సమానముగా మనవారు ఎంచిరి. విజయనగరమునకు పెద్దచెరువు ప్రాణము వంటిది. పైడితల్లి అమ్మవారి విగ్రహము ఆ చెరువునందే లభించినదని జనులు చెప్పుకొందురు. ఏటేట సిరిమానోత్సవమునకు లక్షలాది ప్రజలు వచ్చు ఆ తల్లి కథ ఒక చెరువుతో ముడిపడి యుండుట గమనింపదగినది.

ఒక ఎకరము లెక్క

చెరువులో ఒక మూల ఒక ఎకరము పూడ్చినంత మాత్రమున ఏమి మునిగిపోవునని కొందరు అడుగుదురు. లెక్క వేసి చూతము.

ఒక ఎకరము అనగా సుమారు 4,047 చదరపు మీటర్లు. ఆ ఎకరమున ఒక మీటరు లోతు నీరు నిలిచినచో అది 4,047 ఘనపు మీటర్లు, అనగా 40 లక్షల లీటర్లకు పైబడిన నీరు. జల్ జీవన్ మిషన్ క్రింద గ్రామములలో మనిషి ఒక్కింటికి దినమునకు 55 లీటర్ల నీరు ఇవ్వవలెనని నిర్ణయింపబడినది. ఆ లెక్కన 40 లక్షల లీటర్లు సుమారు 200 మందికి ఒక సంవత్సరమునకు సరిపడు నీటితో సమానము.

ఇక రెండవ ప్రక్క చూతము. తుపాను దినములలో ఒక్క రోజున 100 మిల్లీమీటర్ల వాన కురియుట మన తీరమునకు క్రొత్త కాదు. 10 ఎకరముల నేలపై అంత వాన పడినచో వచ్చు నీరు గూడ సుమారు 40 లక్షల లీటర్లే. కావున చెరువు గర్భములో ఒక ఎకరమును ఒక మీటరు ఎత్తున పూడ్చినచో, 10 ఎకరములపై కురిసిన ఒకనాటి పెద్దవానకు నిలువ చోటు లేకుండ చేసినట్లే. ఆ నీరు మాయము కాదు. అది ఎవరి ఇంటిలోనికో, ఎవరి వరిచేనిలోనికో పోవును. పైగా చేనులో పడిన వానలో కొంత నేలలోనికి ఇంకును. అదే చేను సిమెంటు రోడ్లును, డాబాలును అయినచో ఇంకుట తగ్గి, పారుట హెచ్చును. అనగా చెరువునకు చోటు తగ్గుచున్న సమయముననే వచ్చు నీరు పెరుగుచున్నదన్నమాట.

2022 ఏప్రిల్ 24వ తేదీన కేంద్ర ప్రభుత్వము అమృత సరోవర పథకమును ఆరంభించి, జిల్లాకు 75 చెరువుల వంతున క్రొత్తగా త్రవ్వుటకో, పాతవానిని బాగుచేయుటకో పూనుకొనినది. ఒక్కొక్క చెరువు కనీసము ఒక ఎకరము విస్తీర్ణము గలిగి, సుమారు 10,000 ఘనపు మీటర్ల నీరు పట్టవలెనని నియమము. ఒకవైపు ప్రజాధనముతో ఎకరము చెరువును త్రవ్వుచు, మరియొకవైపు తాతలనాటి ఎకరమును పూడ్చుట ఏమి లాభము?

చెరువు ఎట్లు పోవును?

చెరువు ఒక్కనాట పోదు. దాని పతనమునకు ఒక క్రమము కలదు. దానిని పంచాయతీ సభ్యులు గుర్తించినచో సకాలమున ఆపవచ్చును.

మొదట ఆయకట్టులోని పొలములు ఒక్కొక్కటిగా స్థలములగును. ఇవి పట్టా భూములు, అమ్మకము న్యాయమైనదే. కాని ఆయకట్టు పోగానే చెరువునకు దిక్కు పోవును. ఏటేట వానలకు ముందు గెడ్డలోని తుప్పలు కొట్టి, మదుము సరిచేసి, గట్టుపై మన్ను వేసినవారు ఆయకట్టు రైతులే. వారికి ఆ నీటితో పనిలేని నాడు ఆ పని చేయువారుండరు. పిమ్మట గెడ్డ పూడిపోవును. ఎగువ భూమిలో లేఅవుటు వేసినవారు గెడ్డకు అడ్డముగా రోడ్డు వేసి, దాని క్రింద ఒక చిన్న తూము గొట్టము మాత్రము పెట్టుదురు. చెరువునకు నీరు రాదు. రెండు మూడేండ్లు ఎండిన పిమ్మట చెరువు గర్భములో తుమ్మలు మొలచును. ఇంటి చెత్త చేరును. ఆపైన ఎవరో ఒకరు, ఇది పనికిరాని చెరువు, పూడ్చి స్థలములు చేయుదమని పంచాయతీకి వచ్చును. ఆనాటికి ఆ మాట నిజమువలెనే తోచును. కాని చెరువు దానంతట అది పనికిరానిది కాలేదు. దాని త్రోవలను మూసినందున అట్లయినది.

కావున చెరువు గర్భమును కాపాడినంత మాత్రమున చాలదు. గెడ్డను, అలుగు కాలువను కాపాడవలెను. ఇదియే ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యాంశము.

రెండు అనుభవములు

రికార్డులో బంజరు అనియో, పోరంబోకు అనియో వ్రాయబడిన నేల నిరుపయోగమైనదని తలచుట ఎంత కష్టమునకు దారితీయునో శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతము తెలిపినది. అక్కడి పల్లపు చిత్తడి నేలలను ప్రజలు బీల యందురు. చుట్టుప్రక్కల గెడ్డల నీరు అందు చేరును. ఆ నీటిపై సేద్యమును, చేపల వేటయు, పశువుల మేతయు ఆధారపడి యున్నవి. ఆ భూములలో 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రమును స్థాపింప తలపెట్టగా, తమ జీవనాధారము పోవునని గ్రామస్థులు ఎదిరించిరి. 2010 జూలై 14వ తేదీన జరిగిన పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించిరి. ఆనాడే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రమునకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దుచేసినది. నేల స్వభావమును ముందుగానే చూచి, గ్రామస్థుల మాటను ముందుగానే వినుట ఎంత అవసరమో దీనివలన తెలియును.

రెండవది విజయవాడ అనుభవము. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన భారీ వర్షములకు బుడమేరు పొంగి, గండ్లుపడి, సింగ్‌నగర్ మొదలగు ప్రాంతములు దినముల తరబడి నీటిలో నుండెను. వాన అసాధారణమైనదే. కాని ఏటి త్రోవ ఆక్రమణలతో ఇరుకైపోవుటయు నష్టమునకు ఒక కారణమని అప్పుడు అందరికి తెలిసివచ్చినది. ఆ ఇండ్లలో నున్నవారిలో పెక్కురు, తమ స్థలము ఏటి ముంపులో నున్నదని ఎరుగక కొనిన సామాన్యులు. మన పల్లెలలో స్థలము కొనువారును అట్టివారే. వారికి నీటి త్రోవ ఎచ్చటనున్నదో తెలియదు. గ్రామ పెద్దలకు తెలియును. తెలిసినవారు చెప్పకుండుట తగునా?

చట్టము ఏమి చెప్పుచున్నది?

ఈ విషయమున పంచాయతీకి అధికారము లేదనుకొనుట పొరపాటు. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. అందు భూమి అభివృద్ధి, చిన్ననీటి పారుదల, నీటి యాజమాన్యము, సమాజపు ఆస్తుల సంరక్షణ చేరియున్నవి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీ రాజ్ చట్టము 58వ సెక్షను ప్రకారము, ప్రభుత్వమునకు ప్రత్యేకావసరము లేని పచ్చిక బయళ్ళు, కళ్ళములు, శ్మశానములు, మందబయళ్ళు, బండి బాటలు, తోపులు మొదలగు పోరంబోకు భూములు గ్రామ పంచాయతీకి చెందును. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము జలవనరులను కాపాడుటకు ఏర్పడినది. ప్రభుత్వ భూముల ఆక్రమణలను తొలగించుటకు 1905 నాటి చట్టము కలదు. ప్రభుత్వ భూములను నిషిద్ధ జాబితాలో చేర్చినచో రిజిస్ట్రేషన్ చట్టములోని 22-ఎ సెక్షను ప్రకారము వాని రిజిస్ట్రేషన్ జరుగదు.

లేఅవుట్ల విషయమున, 2002లో గ్రామ పంచాయతీల కొరకు వెలువడిన భూమి అభివృద్ధి నిబంధనలు లేఅవుటు విస్తీర్ణములో కనీసము 10 శాతము ఖాళీస్థలముగా విడిచి పంచాయతీకి అప్పగించవలెనని విధించినవి. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టము ప్రకారము, ప్రణాళికా ప్రాంతములలో 500 చదరపు మీటర్లకు మించిన భూమిలో స్థలములు వేసి అమ్మదలచినవారు ముందుగా రాష్ట్రములోని రెరా సంస్థ వద్ద నమోదు చేసికొనవలెను. నమోదు లేనిదే ప్రకటనలు గూడ చేయరాదు.

సర్వోన్నత న్యాయస్థానము 2001లో హించ్‌లాల్ తివారీ కేసున, చెరువులు సమాజపు సంపద యనియు, వానిని కాపాడవలెననియు చెప్పినది. 2011 జనవరి 28వ తేదీన జగ్‌పాల్ సింగ్ కేసున మరింత గట్టిగా తీర్పిచ్చినది. పంజాబు రాష్ట్రము పటియాలా జిల్లాలోని ఒక గ్రామమున చెరువు భూమిని పూడ్చి ఇండ్లు కట్టుకొనినవారు, వెల చెల్లించి క్రమబద్ధము చేయించుకొనజూడగా, న్యాయస్థానము అంగీకరింపలేదు. ఇట్టి ఆక్రమణలను తొలగించుటకు పథకములు సిద్ధపరుపవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించినది. కనుక చెరువులో స్థలము కొనినవాడు ఇల్లు కట్టుకొనినను నిర్భయముగా నుండజాలడు.

సముద్రతీర గ్రామములవారు మరియొకటి గమనింపవలెను. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరము కలదు. తీర నియంత్రణ నిబంధనల ప్రకారము గ్రామీణ తీరమున పోటునీటి హద్దు నుండి 200 మీటర్ల వరకు క్రొత్త కట్టడములకు సాధారణముగా అనుమతి లేదు. 2019 ప్రకటన జనసాంద్రత మిక్కిలిగా గల గ్రామముల విషయమున మాత్రము దీనిని 50 మీటర్లకు తగ్గించినది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటిననాడు కలిగిన నష్టమును ఎరిగినవారికి ఈ నియమము ఎందుకో వేరుగా చెప్పనక్కరలేదు. ఇసుక దిబ్బలను చదును చేసి, సరుగుడు, మొగలి పొదలను తీసివేసి వేసిన స్థలమునకు గాలికిని, పోటుకును అడ్డుండదు.

పంచాయతీ చేయదగిన పనులు

లేఅవుటు దరఖాస్తు వచ్చినపుడు సభ్యులు ఈ క్రింది విషయములను పరిశీలింతురు గాక.

1. గ్రామ పటమును ముందుంచుకొని, ఆ సర్వే నంబర్లలో గాని, ఆనుకొని గాని చెరువు, బంద, గెడ్డ, కాలువ, బండి బాట ఉన్నదేమో చూడవలెను. మన జిల్లాలలో పెక్కు గ్రామములు పూర్వము జమీందారీ గ్రామములు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము పిమ్మట అట్టి గ్రామములకు తయారైన సెటిల్మెంటు ఫెయిర్ అడంగలులో చెరువులు, వాగులు నమోదై యున్నవి. నేటి అడంగలుతో పాటు ఆ పాత రికార్డును గూడ గ్రామ రెవిన్యూ అధికారి ద్వారా చూడవలెను.

2. పటము చూచుటతో తృప్తిపడక, వాన పడుచున్న దినమున స్థలమునకు పోయి చూడవలెను. ఎండకాలమున చదునుగా కనబడు నేలలో నీరు ఎటు నడచునో వానకాలమున దానంతట అదే చూపును.

3. గెడ్డపై రోడ్డు వేయుచున్నచో, పెద్దవాన నీరు పోవుటకు తగిన కల్వర్టు ఉన్నదేమో ఇంజనీరుచే చూపించవలెను. గెడ్డ వెడల్పును కుదించుటకు ఒప్పుకొనరాదు.

4. మరుగుదొడ్ల గుంటలకును, త్రాగునీటి బావులకును నడుమ కనీసము 15 మీటర్ల దూరము ఉండునట్లు చూడవలెను. మురుగు కాలువను చెరువులోనికి త్రిప్పుటకు ఎంతమాత్రము సమ్మతింపరాదు.

5. విడువవలసిన ఖాళీస్థలమును ఎందుకును పనికిరాని మూలలో గాక, నీరు ఇంకుటకు అనువైన పల్లమున, చెట్లు పెంచుటకు తగినట్లు ఇప్పించుకొని, దానపత్రము రిజిస్టరు చేయించుకొనవలెను. పిదప దానిపై కట్టడములు లేవకుండ కాపాడవలెను.

6. గ్రామమునందలి చెరువులు, బందలు, గెడ్డలు అన్నింటికిని సర్వే నంబరు, విస్తీర్ణము, హద్దులతో ఒక జాబితా వ్రాసి, గ్రామసభలో చదివి, పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించవలెను. తహశీల్దారుచే హద్దులు కొలిపించి రాళ్ళు పాతించవలెను. అవి నిషిద్ధ జాబితాలో చేరినవో లేదో విచారించి, చేరనిచో వ్రాతమూలకముగా కోరవలెను.

పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోని గ్రామములలో లేఅవుట్ల సాంకేతిక ఆమోదము ఆ సంస్థలది. అయినను ఊరి గెడ్డ ఎటు పారునో సంస్థ కార్యాలయమునందున్న వారికి తెలియదు. పంచాయతీ తన అభిప్రాయమును తీర్మానరూపమున వ్రాసి పంపినచో అది కాగితముపై నిలుచును, నోటిమాట నిలువదు.

కొన్ని సందేహములు

ఇట్లు పట్టుబట్టినచో రైతునకు ధర తగ్గదా యని ఒక సందేహము. నీటి త్రోవలో లేని మెట్ట భూమికి ధర తగ్గదు. నీటి త్రోవలో నున్న భూమికి తగ్గుట న్యాయమే; ఏలయనగా అందలి నష్టమును నేడు అమ్మినవాడు గాక, రేపు కొన్నవాడు భరించును. చెరువు నిండియున్న ఊరిలో బావులు ఎండవు. బావులు ఎండని ఊరిలో స్థలమునకు విలువ పెరుగును.

పంచాయతీకి రుసుముల రూపమున రాబడి పోవునే యని రెండవ సందేహము. ఒకసారి వచ్చిన రుసుము ఒక యేడాది ఖర్చునకు చాలవచ్చును. మునిగిన వీధికి మరల మరల రోడ్డు వేయుటకు, ఎండిన బావుల ఊరికి ట్యాంకర్లతో నీరు తోలించుటకు అగు వ్యయము ఏటేట వచ్చును. ఏది లాభమో సభ్యులే లెక్క చూచుకొనగలరు.

ఇల్లులేని పేదవారి సంగతి యేమి యని మూడవ సందేహము. ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. పేదవారికి ఇంటి స్థలము తప్పక ఇప్పించవలెను. అందుకే వారికి మెరక నేలను ఇప్పించవలెను. ధరలేని నేల యని చెరువు గర్భమును వారికి పంచినచో, ప్రతి తుపానులోను ముందుగా మునుగునది వారి ఇల్లే యగును.

చేనికి గట్టు, ఊరికి కట్టు ఉండవలెనని మన పెద్దల మాట. గట్టు లేని చేనిలో నీరు నిలువదు. కట్టులేని ఊరిలో మంచి నిలువదు. ఇండ్లు పెరుగు ఈ కాలమున ఆ కట్టును ఏర్పరచు భారము పంచాయతీ సభ్యులపై నున్నది. రానున్న గ్రామసభలో తమ ఊరి నీటి త్రోవల జాబితాను తయారుచేయుటకు తీర్మానము చేయవలసినదిగా సర్పంచులను, సభ్యులను కోరుచున్నాము. ఈ పనికి ధనముతో పనిలేదు. ఒక గ్రామ పటము, ఊరి పెద్దలు నలుగురు, వానలో ఒక పూట నడక చాలును.